తొమ్మిది సొరబుర్రల రసీదు

మాఘమాసం, మంగళవారం, ఉదయం పదీ ఇరవైకి మద్దేడులో మా కొట్టు ముందు జీపు ఆగింది. అప్పుడే చింతపండు తూకం ముగించి గోడ గడియారం చూశాను కాబట్టి వేళ ఖాయంగా తెలుసు. దిగినవాడికి ముప్పై ఏళ్లుంటాయి. మెడలో నీలం పట్టీకి కార్డు వేలాడుతోంది. జగ్‌దల్‌పూర్‌లో మూడు రోజుల జాతీయ ఆదివాసీ కళల మేళా జరగబోతోందనీ, దేశం నలుమూలల నుంచీ జట్లు వస్తాయనీ, అందులో విత్తనాల స్టాలు తనకు అప్పగించారనీ హిందీలో చెప్పాడు.

"విత్తనం కళ ఎట్లయితది?" అన్నాను.

"ఈ రోజుల్లో అన్నీ కళే, మాతాజీ," అని నవ్వాడు. ఆ నవ్వుతోనే నాకు వాడు గిట్టకుండా పోయాడు.

వాడికి ఇక్కడి దోర్ల ఆదివాసుల మాట దోర్లీ రాదు. నాకు వచ్చు. యాభై నాలుగేళ్లుగా ఈ కొట్టులో ఉప్పూ బట్టలూ అమ్ముతూ, ఇప్పపువ్వు కొంటూ నేర్చుకున్నాను. మధ్యలో ఉండి మాట్లాడిపెడితే నాకూ అలాంటి కార్డు ఇస్తామన్నాడు. ఒక సంగతి దాచను. డెబ్భై మూడేళ్ల వయసులో నాకు ఆ కార్డు మెడలో వేసుకోవాలనిపించింది.

అతన్ని నా స్నేహితురాలి ఇంటికి తీసుకెళ్లాను. ఆమె దోర్ల మనిషి, నా ఈడుది. ఆమె పల్లె మా కొట్టుకు నాలుగు కిలోమీటర్లు. నలభై ఏళ్లుగా ఒకరినొకరం వదినె అని పిలుచుకుంటూ వచ్చాం. ఆమె ఇంట్లో దూలానికి తొమ్మిది సొరకాయ బుర్రలు వేలాడేవి. ఒక్కో బుర్రలో ఒక్కో రకం విత్తనం. మూతి మీద ఆకు కట్టి, బూడిదా మట్టీ కలిపి మెత్తి ఆరబెట్టేది. ఊళ్లో ఎవరి విత్తనం చెడినా ఆమె దగ్గరికే వచ్చేవారు. ఆమె విత్తనం అమ్మదు. సోలెడు ఇస్తుంది, పంట వచ్చాక సోలెడే తిరిగి తీసుకుంటుంది. వేసవి చివర విత్తనాల పండుగ నాడు, ఊరి పెద్ద నేలకు మొక్కాకే ఆ మూతులు పగలాలి. ముందే తెరిస్తే ఆ గింజను పొలం ఒప్పుకోదని వాళ్ల మాట.

జీపు మనిషి అడిగింది చెప్పాను.

"ఏంది వదినె, విత్తనం గూడ ఊరేగుతదా? దానికేమన్న పెండ్లా?"

"మూడొద్దులు బల్ల మీద పెడ్తరట, గంతే. మూత ఎవ్వలు తియ్యరు."

"ఆ మాట వాడన్నడా, నువ్వంటున్నవా?"

"నేనే అంటున్న."

"అయితే తీస్కపో. ఆ నీలం తాడోడు అంటే మాత్రం కుక్కను ఉసిగొల్పుదును."

రసీదు లేకుండా నేను చింతగింజ కూడా చేయి మారనివ్వను. అక్కడే కార్బన్ కాగితం పెట్టి హిందీలో రాశాను. ఏ బుర్రలో ఏముందో, ఎంతుందో ఆమె వేళ్లు మడుస్తూ చెప్పింది. అది రాయలేదు. నా కళ్లతో చూసి, నా చేత్తో కొలవనిది కాగితం మీద పెట్టడం నా పద్ధతి కాదు. 'సొరకాయ బుర్రలు, తొమ్మిది. మేళా ముగియగానే తిరిగి ఇవ్వవలెను' అని రాసి సంతకం తీసుకుని, ఒక ప్రతి వాడికిచ్చి బుర్రలు జీపెక్కించాను.

పన్నెండు రోజుల తర్వాత, ఆదివారం, వదినె, నేను బస్సెక్కి బీజాపూర్, గీదం మీదుగా జగ్‌దల్‌పూర్ చేరాం. ఆ మేళా గురించి ఒక్క మంచి మాట రాయాలంటే, మంచినీళ్లు చల్లగా ఉన్నాయి. మొదటి రోజు ముఖ్య అతిథి కోసం ఆటపాటల జట్లను ఉదయం ఏడున్నర నుంచి ఎండలో నిలబెట్టారు. ఆయన ఒంటిగంటా పదికి వచ్చాడు. పల్లెల్లో తెల్లవార్లూ సాగే ఆటకు వేదిక మీద నాలుగు నిమిషాలు ఇచ్చారు. ఐదో నిమిషం రాగానే మైకువాడు డోలు మోగుతుండగానే "ధన్యవాద్, ధన్యవాద్" అని అరిచేవాడు. కొమ్ముల తలపాగా పెట్టుకున్న ఒక పెద్దాయన్ని ఫొటో కోసం భుజం పట్టి లాగినవాళ్లను పదిహేడు వరకు లెక్కపెట్టి మానేశాను. పట్నపామె ఒకతె వచ్చి వదినె గడ్డం పట్టుకుని, అచ్చం బొమ్మలా ఉంది అని మురిసింది.

"దీని చెయ్యిరగ, నేనేమన్న మేకపిల్లనా?" అంది వదినె, నవ్వు మొహంతోనే.

"ఏమంటోంది?" అని ఆవిడ నన్ను అడిగింది.

"నమస్తే అంటోంది," అన్నాను.

బుర్రలు మాత్రం ఆ రోజంతా బల్ల మీద వరసగా, మూతులు చెదరకుండా ఉన్నాయి. సాయంత్రం ఐదింటికి తొమ్మిదీ లెక్కపెట్టుకుని బసకు వెళ్లాం.

బస మేళాకు ఆరు కిలోమీటర్లు. మర్నాడు తొమ్మిదికి రావాల్సిన బస్సు పదకొండూ నలభైకి వచ్చింది. మేం చేరేసరికి మా స్టాలు ముందు జనం మూగి ఉన్నారు. ఎనిమిదడుగుల చెక్క మీద భారతదేశ పటం, మొత్తం గింజలతో. కాలేజీ ఆడపిల్లలు నలుగురు జిగురు డబ్బాలు పట్టుకుని చివరి మూల నింపుతున్నారు. బల్ల మీద తొమ్మిది బుర్రలు మూతులు పగిలి ఒట్టిగా ఉన్నాయి.

వదినె జనాన్ని తోసుకుంటూ వెళ్లి పటం ముందు గొంతుక్కూర్చుంది.

"ఈ నల్లంచు నా వడ్లు. ఈడ తెల్లగున్నయి అనుములు. ఇవి మా అత్తిచ్చిన సామలు," అంటూ గోటితో గీకింది. గింజ ఊడలేదు. గోరుకు జిగురు అంటుకుంది.

"చెయ్యి పెట్టకు దాదీ, ఇంకా పూర్తిగా ఆరలేదు," అంది ఒక పిల్ల.

"నా గింజల మీద నన్నే చెయ్యి పెట్టద్దంటదా? ఏందిది వదినె? చెప్పు దానికి!"

చెప్పాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది. "సార్ ఇచ్చారు," అంది. సార్‌ను పిలిపించాను. నీలం పట్టీవాడు వచ్చాడు.

"మూతలు ఎవరు తీయమన్నారు?"

"మూసి ఉంటే ఎవరు చూస్తారు, మాతాజీ? పొద్దున్నుంచి టీవీవాళ్లు మూడుసార్లు వచ్చారు."

"అవి నేలలో వెయ్యాల్సిన గింజలు."

"కిలోకు కిలో బజారులో కొని పంపిస్తాం."

"బజారులో దొరికేవైతే ఆమె దూలానికి ఎందుకు కట్టుకుంటుంది?"

వాడు జేబులోంచి రసీదు తీశాడు. నా దస్తూరీయే. "బుర్రలు, తొమ్మిది. ఉన్నాయా లేవా? మీరే లెక్కపెట్టుకోండి."

లెక్కపెట్టాను. తొమ్మిదీ ఉన్నాయి.

తర్వాత నేను అన్న మాటలు తెలుగులో అన్నాను. అయినా వాడికి అర్థమయ్యాయి. కాపలావాణ్ణి పిలిచి వచ్చిన రోజు నా మెడలో వేసిన కార్డును తీయించాడు.

బల్ల కిందా చెక్క చుట్టూ రాలినవి ఇద్దరం రెండు గంటల పది నిమిషాలు ఏరాం. సోలెడుకు తక్కువే వచ్చాయి. అన్నీ కొర్రలూ సామలే. పెద్ద గింజలు రాలినప్పుడు ఆ పిల్లలే ఏరి అంటించేశారు. చెక్కనైనా ఇమ్మని మూడో రోజు అడిగితే, అప్పటికే వార్నిష్ పూసి ఏదో ఆఫీసు గోడకు పంపేశామన్నారు.

తిరుగు బస్సులో వదినె చిన్న మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"వాడు దొంగ. దొంగ మీద నాకేం కోపం?" అంది గీదం దాటాక. "నేను చెప్పింది నువ్వు రాయకపోతివి."

"చూడంది ఎట్ల రాయాలె?"

"నలభై ఏండ్ల సంది నన్ను చూస్తలేవా?"



పంపిస్తామన్న విత్తనం రెండు నెలలకు వచ్చింది. మందు పట్టించిన గులాబిరంగు గింజల సంచి. "కోళ్లకేస్తే కోళ్లు చస్తయి," అని ఆమె దాన్ని వాకిట్లోనే వదిలేసింది. పండుగ నాడు ఊరి ఆడవాళ్లంతా విత్తనాల బుట్టలు నెత్తిన పెట్టుకుని వెళ్తుంటే ఆమె ఇల్లు కదల్లేదు. ఆమె విత్తనం మీద ఆధారపడ్డ ఐదిళ్లవాళ్లు ఆ ఏడు అంగడి విత్తనమే వేశారు. ఏరి తెచ్చిన గింజల్ని ఊరి పెద్ద పొలంలో వెయ్యనివ్వకపోతే పెరట్లో చల్లుకుంది. అవి మొలిచాయి.

పామేడు వైపు ఒక పల్లెలో, ఎప్పుడో వదినె దగ్గర కందులు బదులు తీసుకెళ్లినామె ఉందని తెలిసి నేనే వెళ్లాను. రెండు బస్సులు, ఏడు కిలోమీటర్ల నడక. తవ్వెడు ఇచ్చింది. తెచ్చి వదినె ముందు పెట్టాను. ఆమె తన సోలతో రెండుసార్లు కొలిచి పోసుకుంది.

"కూసో, షావుకారమ్మా," అంది. అప్పటినుంచీ అదే పిలుపు.

మిగిలినవి మూడు రకాలు: కొర్రలు, సామలు, కందులు. పోయినవి ఆరు. కొలతలు ఆమె చెప్పినవి:

నల్ల వడ్లు, రెండు మానికలు.
పచ్చజొన్నలు, ఒక మానిక.
అరికెలు, మూడు తవ్వలు.
మచ్చల బొబ్బర్లు, ఒక తవ్వ.
అనుములు, ఒక సోల.
గుమ్మడి గింజలు, డెబ్భై రెండు.