నలభైమందిని లేపే మేస్టారు

మా మల్లేశ్వరరావు మేస్టారికి ఒకటే జబ్బు. ఎదుటి మనిషి కూర్చున్నచోట కుదురుగా ఉంటే చూడలేరు. లేపి ఇంకోచోట కూర్చోబెట్టాల్సిందే.

కొరాపుట్‌లో మాకు ఫిజిక్స్ చెప్పేవారు. శనివారం రాయగడ బండెక్కితే, కకిరిగుమ్మ స్టేషన్ వచ్చేలోపు పెట్టెలో సగంమంది సీట్లు మారిపోయేవి. ఓ పెళ్లిలో పీటల మీదున్న పెళ్లికొడుకునే కాస్త జరగమన్నారు.

"ఎక్కడ కూకుంటే ఏటి మేస్టారూ?" అంటే చాలు, అందుకునేవారు.

"క్వాంటం డాట్ ఉంది సూడు, కంటికానని సిన్న స్ఫటికం. ఒక్కో కాంతికణం వదుల్తాది. దాన్ని రెండద్దాల మధ్య ఇరుకుగదిలో సరైన సోట పెట్టి, గది రంగుకి దాని రంగు కలిపేవనుకో, కాంతి మనం సెప్పిన దారినే వస్తాది. రవ్వంత పక్కకెడితే నాలుగు దిక్కులా పోతాది. మనుసులూ అంతే. లెగు."

క్లాసులో రోజూ ఇదే తంతు. బిశ్వజిత్ సోమవారం కిటికీ పక్కన నిద్రపోయేవాడు, మంగళవారం తలుపు పక్కన. నన్ను మాత్రం ఎప్పుడూ ముందు బెంచీ ఎడమ చివరకే తోసేవారు. ఒళ్లు మండేది.

"అందర్నీ తిప్పుతున్నారు, నాకిక్కడేనా మేస్టారూ?"

"నీ రంగు అక్కడే కలుస్తాది. కూకో అమ్మీ."

హాస్టల్లో ఉండగా జ్వరమొచ్చి నా ఎడమ చెవి పోయింది. ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే చదువు మాన్పించి రాయగడలో మా బియ్యం కొట్లో కూర్చోబెడతారని భయం. అందుకే నోరు మూసుకుని కూర్చునేదాన్ని.

ఇప్పుడు బెంగళూరులో ఓ ల్యాబులో ఆ డాట్లతోనే కుస్తీ. మూడేళ్లు ఒక్కటీ కుదరలేదు. ఇక్కడ నన్ను లెగమనేవాళ్లు లేరు. ఆ గోలకోసం ప్రాణం కొట్టుకుపోయేది. మొన్న ఒక డాట్ కుదిరింది. కాంతి ఒకేదారిన వచ్చింది. పరుగున మెట్ల మీదకొచ్చి, రిటైరై రాయగడలో ఉన్న మేస్టారికి ఫోన్ చేశాను.

"మేస్టారూ, కిరణ్మయినండి. డాట్ కుదిరింది."



"ఫోను కుడి సెవికే పెట్టేవా అమ్మీ?"

"మీకు తెలుసా?"

"మెడ తిప్పి వినేదానివి కదా. ఎడమ సివరైతే నీ కుడి సెవి నావైపుంటాది. నిన్నొక్కదాన్నే జరిపితే అందరికీ తెలిసిపోద్దని నలభైమందినీ జరిపేను. తర్వాత మానుదామంటే అలవాటు నన్నొదల్లేదు. సరే, మొదట్నించీ సెప్పు. ఉండు, మా ఆవిడా వింటాది. సత్యవేణీ, అక్కడ కాదు, ఇటొచ్చి కూకో."

"పొద్దున్నించీ ఇది నాలుగో కుర్సీ," అన్నారావిడ.