ఆరో స్థానమని చెప్పిన ఆర్విల్

దక్షిణ ఇండియానాలోని టిల్మన్ ఫోర్డ్ అనే ఊళ్లో ఆర్విల్ డీట్స్ నలభై ఏళ్లపాటు ఇళ్లు వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేశాడు. ఏ ఇంటి నేలమాళిగలోకి దిగినా ముందుగా తల అడ్డంగా ఊపి, ఇది ఇక బతకదని చెప్పేవాడు. ఆ తర్వాత గంటసేపు దాని కింద పడుకుని, బాగుచేసి, చేతులు తుడుచుకుంటూ పైకొచ్చేవాడు. ఊళ్లో ఉన్న టిల్మన్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు విషయంలో మాత్రం అతను మొదటి సగంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. తొమ్మిదో ఏట తండ్రి చెయ్యి పట్టుకుని మొదటి ఆట చూసినప్పటినుంచి డెబ్భై ఒకటో ఏడు దాకా, ఆ జట్టు బతకదని చెబుతూనే ఉన్నాడు. ఎక్కువసార్లు అతను చెప్పిందే నిజమయ్యేది. అందుకు అతన్ని ఎవరూ ప్రేమించలేదు.

భార్య లవాన్ కూడా అతని వ్యాఖ్యానం భరించలేక, పదిహేనేళ్ల కిందటే తన టికెట్టు మార్పించుకుని ఎదురు గ్యాలరీలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఇద్దరూ ఒకే కారులో వెళ్లి ఒకే కారులో తిరిగొచ్చేవారు. మధ్యలో రెండు గంటలు మాత్రం ఆమె ఆ మనిషిని ఎరగదు.

ఆ ఏడు వసంతంలో కాలేజీవాళ్లు పాత కోచ్‌ని సాగనంపారు. ఆయన వెనకే ఆటగాళ్లూ వెళ్లిపోయారు. ఈ రోజుల్లో ఏటా సీజను అయిపోగానే కుర్రాళ్లు ఎక్కువ డబ్బిచ్చే కాలేజీ చూసుకుని మారిపోవచ్చు గనక, పదమూడుమందిలో పన్నెండుమంది మారిపోయారు. మిగిలినవాడు జూలియస్ టిబ్స్. ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు, నెమ్మదస్తుడు. మైదానంలో కూడా నెమ్మదస్తుడే కావడంతోనే వచ్చింది చిక్కు. ఎవరూ అడ్డులేకుండా వేసే ఫ్రీ త్రోలు రెండిస్తే ఒకటి పోగొట్టేవాడు, ఒక్కోసారి రెండూ. కొత్త కోచ్‌గా డార్నెల్ పెట్‌వే అనే ముప్పై ఆరేళ్ల మనిషి వచ్చి, తనకు మూడేళ్లు కావాలని, ఇది పునర్నిర్మాణమని చెప్పాడు. ఆ మాట చెప్పిన కోచ్‌లలో ఆర్విల్ లెక్క ప్రకారం ఇతను ఆరోవాడు.

అక్టోబరులో, టిల్మన్ ఆడే పది కాలేజీల కూటమి త్రీ లేక్స్ కాన్ఫరెన్సులో ఎవరిది ఏ స్థానమో పేపర్లో అంచనాలు వచ్చాయి. పది జట్లలో టిల్మన్‌ది పదో స్థానం. పదకొండో జట్టు లేకపోబట్టి అక్కడ ఆగింది.

ఆ మర్నాడు పొద్దున్నే రోమా హోటల్లో కిటికీ పక్క బల్ల దగ్గర పెద్ద చర్చ జరిగింది. ఆ బల్ల ఆర్విల్‌ది, అతని చిన్ననాటి స్నేహితుడు క్లీట్ హేగన్‌ది. క్లీట్ ముప్పై ఏళ్లు బీమా పాలసీలు అమ్మినవాడు. ఇళ్లు కాలిపోతాయని, కార్లు గుద్దుకుంటాయని అంతమందికి నచ్చజెప్పిన మనిషికి, టిల్మన్ జట్టు భవిష్యత్తు మీద మాత్రం ఎన్నడూ ఏ దిగులూ కలగలేదు. ఏటా గెలుపు మనదేననేవాడు. ఆ ఏడు పరిస్థితి బాగాలేదని ఒప్పుకుని, నాలుగో స్థానానికి దిగొచ్చాడు. లాట్వియా నుంచి వచ్చిన కొత్త కుర్రాడి వీడియో చూశానని, బంతి ఎటుందో వాడికి చూడకుండానే తెలుస్తుందని వివరించాడు.

"ఎంతసేపుందిరా వీడియో?" అని అడిగాడు ఆర్విల్.

"నలభై సెకన్లు."

"నలభై సెకన్లయితే నేనూ బ్రహ్మాండంగా ఆడతాను."

క్లీట్ దానికి చలించకుండా, కోచ్ రక్షణ మీద దృష్టి పెడుతున్నాడని, మన కాన్ఫరెన్సులో పై మూడు జట్లు తప్ప మిగతావన్నీ అంతంతమాత్రమేనని, సొంత మైదానంలో ఆడే తొమ్మిది ఆటలూ గెలిస్తే చాలని వేళ్లమీద చెప్పుకొచ్చాడు. తొమ్మిదీ గెలిస్తే చాలన్నమాట విని, పక్క బల్లవాళ్లు కాఫీ తాగడం ఆపి చూశారు. ఆర్విల్ మెత్తటి రొట్టెల్లాంటి తన బిస్కట్ల మీద గ్రేవీ సరిచేసుకుంటూ, పేపరువాళ్లు తనను అడక్కుండానే మొదటిసారి సరిగ్గా రాశారని, పదో స్థానమే ఖాయమని తేల్చేశాడు. హోటలు యజమానురాలు రోమా కాఫీ పోస్తూ, "మీరిద్దరూ కలిసి ఏడో స్థానమని రాసుకుని ఊరుకోండి నాయనా, బల్ల ఖాళీ అవుతుంది," అంది.

ఆ సోమవారం సాయంత్రం కోచ్ రేడియో కార్యక్రమం పిజ్జా దుకాణంలో పెట్టారు. అభిమానులు అక్కడే కూర్చుని కోచ్‌ని ప్రశ్నలడగవచ్చు. అందరూ స్వాగతం, శుభాకాంక్షలు అంటుంటే, ఆర్విల్ మైకు అందుకుని, ఈ పదమూడుమందిలో విసిరిన బంతిని పట్టుకోగలవాళ్లు ఎందరున్నారో చెప్పమన్నాడు. జనం గతుక్కుమన్నారు. పెట్‌వే నవ్వాడు.

"రేపు మూడింటికి ప్రాక్టీసుంది మిస్టర్ డీట్స్. వచ్చి మీరే లెక్కపెట్టండి. నాకూ పనికొస్తుంది."

వెళ్లకపోతే భయపడ్డాడంటారని ఆర్విల్ వెళ్లాడు. మూడు రోజులు వరసగా వెళ్లాడు. బయట కూర్చుని తిట్టేవాణ్ణి లోపలికి పిలిచి కాస్త గౌరవం చూపిస్తే మనసు మారుతుందని కాలేజీవాళ్లు అనుకుని ఉండవచ్చు. మనసు మారింది గాని, వాళ్లనుకున్న దారిలో కాదు. జట్టు తను అనుకున్నదానికన్నా అన్యాయంగా ఉందని అతనికి మొదటి పావుగంటలోనే అర్థమైంది. లాట్వియా కుర్రాడు చూడకుండా విసిరిన బంతులు చూడకుండా ఉన్నవాళ్ల ముఖాలకే తగులుతున్నాయి. పైగా తగిలిన ప్రతిసారీ వాడు ఆట ఆపి క్షమాపణ చెబుతున్నాడు. ఒక కొత్త కుర్రాడికి కుడివైపు తప్ప ఇంకోవైపు ఉందని ఎవరూ చెప్పినట్టు లేదు. టిబ్స్ బంతి బుట్టలో వేస్తాడు, కాని అక్కడికి చేరేసరికి మిగతావాళ్లు వెనక్కి వెళ్లిపోయి ఉంటారు.

అయినా ఎవరూ కష్టం తప్పించుకోవడం లేదు. మూడో రోజు ప్రాక్టీసు అయిపోయాక కూడా టిబ్స్ ఒక్కడే నిలబడి ఫ్రీ త్రోలు వేస్తూ ఉండిపోయాడు. ఆర్విల్ కోటు వేసుకుంటూ ఊరికే లెక్కపెట్టాడు. యాభైకి ఇరవై ఎనిమిది. ముప్పై ఒకటో బంతి దొర్లుకుంటూ అతని కాళ్ల దగ్గరకు వచ్చింది. దాన్ని వెనక్కి విసిరితే, ఆ కుర్రాడు "థాంక్యూ సర్" అని, రేడియోలో మాట్లాడేది మీరే కదా అని అడిగాడు. మా అమ్మమ్మ ఒహైయోలో కూర్చుని ఫోన్లో ఆ కార్యక్రమం వింటుందని, మీ ప్రశ్న విన్నాక నువ్వు బంతి పట్టుకోగలవు కదా నాన్నా అని అడిగిందని చెప్పాడు. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆర్విల్‌కి సులువయ్యేది.

తలుపు దగ్గర పెట్‌వే కలిశాడు.

"ఎన్ని గెలుస్తాం మిస్టర్ డీట్స్? పద్దెనిమిదిలో."

"మూడు," అన్నాడు ఆర్విల్.

"నేను రెండే వేసుకున్నాను," అని, కోచ్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పవద్దని అడగలేదు. అసలేమీ అడగలేదు.

మర్నాడు రోమా హోటల్లో జనం మామూలు కన్నా ఎక్కువగా ఉన్నారు. ఆర్విల్ లోపలి సంగతి చూసొచ్చాడని అప్పటికే ఊరంతా పాకింది. క్లీట్ కుర్చీ దగ్గరకు లాక్కుని, చెప్పరా, ఎంత ఘోరంగా ఉంది అని అడిగాడు. ఆర్విల్ కప్పులోకి చూశాడు. అబద్ధం చెప్పాలని ఇంటి దగ్గర అనుకుని రాలేదు. నోరు తెరిచాకే అది బయటికొచ్చింది.

"ఆరో స్థానం," అన్నాడు.

అరవై ఏళ్లుగా ఏడో స్థానం పైకి ఎక్కని మనిషి నోట ఆరు అన్నమాట వచ్చిందంటే, లోపల ఏదో అద్భుతం జరుగుతోందని జనం నమ్మారు. మధ్యాహ్నానికి ఆ మాట మంగలి దుకాణానికి, సాయంత్రానికి చర్చి భోజనాలకు చేరింది. ఆ వారంలో టికెట్లు బాగా అమ్ముడుపోయాయి.

ఇందులో దెబ్బతిన్నది క్లీట్. తను నాలుగంటే ఎవరూ పట్టించుకోలేదు, ఆర్విల్ ఆరంటే ఊరు పండగ చేసుకుంటోంది. అదీగాక, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఈ ఇద్దరూ ఒక్క విషయంలోనూ ఏకీభవించి ఎరగరు. ఆర్విల్ మంచి మాట అంటే చెడ్డ మాట అనే బాధ్యత తన మీద పడిందని క్లీట్‌కి అనిపించింది. వారం తిరక్కుండానే ఏడన్నాడు. డిసెంబరులో తొమ్మిదన్నాడు. జనవరికి రేడియో కార్యక్రమంలో మైకు అందుకుని, లాట్వియా కుర్రాడికి కళ్లజోడు పెట్టించే ఆలోచన ఏమైనా ఉందా అని కోచ్‌ని అడిగాడు. ఇంటికెళ్లాక ఏడ్చానని చాలాకాలం తర్వాత తనే చెప్పుకున్నాడు.

ఆర్విల్ పరిస్థితి అంతకన్నా దయనీయం. ప్రతి ఓటమి తర్వాతా పొద్దున్నే రోమా హోటల్‌కి వచ్చి, చిత్తుగా ఓడిపోయిన జట్టుని వెనకేసుకు రావలసి వచ్చేది. ముప్పై పాయింట్లతో ఓడిన రోజు, ద్వితీయార్ధంలో వేగం మెరుగుపడిందన్నాడు. వరసగా ఏడు ఓడాక, అందులో రెండు కొద్దిలో చేజారినవేనన్నాడు. తను ఇన్నాళ్లూ అసహ్యించుకున్న మాటలన్నీ తన నోటినుంచే సాఫీగా రావడం చూసి అతనికే ఆశ్చర్యం కలిగింది. లవాన్ కారులో అతని నుదురు తాకి చూసి, డాక్టరు దగ్గరికి వెళదామా అంది.

ఫిబ్రవరిలో కాన్ఫరెన్సులో మొదటి స్థానంలో ఉన్న గ్రాంట్‌వేల్ జట్టు టిల్మన్ ఫోర్డ్‌కి వచ్చింది. గ్రాంట్‌వేల్‌లో మనవాళ్లే ముగ్గురున్నారు, వసంతంలో వెళ్లిపోయినవాళ్లు. వాళ్లు ఆటకు ముందు ఒళ్లు వేడెక్కించుకోవడానికి మైదానంలోకి వస్తే, జనం తమ పిల్లల్ని పొరుగింటి విందులో చూసినట్టు చూశారు. ఆట ముగియడానికి నాలుగు సెకన్లుండగా టిల్మన్ ఒక పాయింటు వెనకబడి ఉంది, టిబ్స్‌కి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. మొదటిది ఇనుప చట్రం ముందు అంచుకి కొట్టుకుని, ఇష్టం లేనట్టు లోపలికి పోయింది, లెక్క సమమైంది. రెండోది తప్పింది. తప్పిన బంతి గాల్లో ఉండగా అందరూ పైకెగిరారు, అందరికన్నా ఆలస్యంగా ఎగిరినవాడు టిబ్స్. మిగతావాళ్లు అప్పటికే కిందికి దిగుతున్నారు గనక బంతి అతనికే దొరికింది. అలాగే లోపలికి తోసేశాడు. జట్టు గెలిచింది.

జనం మైదానంలోకి పరిగెత్తారు. ఆర్విల్ మోకాళ్ల నొప్పులు మరచిపోయి వాళ్లతోపాటు దిగాడు. కింద ఎదురైన మొదటి మనిషి క్లీట్. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, వదిలి, కోటు గుండీలు సర్దుకుంటూ నిలబడ్డారు.

సీజను పద్దెనిమిదిలో నాలుగు విజయాలతో ముగిసింది. కాన్ఫరెన్సులో ఎనిమిదో స్థానం, అదీ మరో జట్టుతో పంచుకుని. కోచ్ వేసుకున్న లెక్కకి అది రెట్టింపు. ఊరు మాత్రం నిరుత్సాహపడింది, ఎందుకంటే ఆర్విల్ ఆరన్నాడు. మంగలి దుకాణంలో అతన్ని చూసి, నువ్వే ఇలా మోసం చేస్తే ఎలా అని ఒకడు మొహం మీదే అడిగాడు. ఇన్నేళ్లు నిజం చెప్పినందుకు దక్కని కోపం ఒక్క అబద్ధానికి దక్కింది.

మార్చి చివర్లో రోమా హోటల్లో ఆర్విల్ నిజం ఒప్పుకున్నాడు. మూడు గెలుపులనే అనుకున్నానని, పదో స్థానమే ఖాయమనుకున్నానని, ఆ పొద్దున ఎందుకో చెప్పలేకపోయానని క్లీట్‌తో మెల్లగా అన్నాడు. క్లీట్ కాఫీ కప్పు పక్కకు నెట్టాడు.

"నువ్వు ఆరన్నావని నేను ఐదు నెలలు ఆ పిల్లల్ని తిట్టానురా. రేడియోలో తిట్టాను. ఆ లాట్వియా కుర్రాడి కళ్లు తిట్టాను."

"నిన్నెవడు తిట్టమన్నాడు?"

"ఎవడో ఒకడు తిట్టాలి కదా. నువ్వు మానేశావు."

క్లీట్ లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు హోటల్‌కి రాలేదు. ఐదో రోజు వచ్చి కూర్చుని, వచ్చే ఏడు రెండో స్థానం మనదేనన్నాడు. ఆర్విల్ హాయిగా ఊపిరి పీల్చుకుని, ఎనిమిది దాటితే అదృష్టమన్నాడు.

మే నెలలో టిబ్స్ వెళ్లిపోతున్నాడని తెలిసింది. గ్రాంట్‌వేల్‌కి. వాళ్ల మీద ఆఖరి బంతి వేసినవాణ్ణి వాళ్లే తీసుకుపోవడం పొదుపైన పద్ధతని ఆర్విల్ హోటల్లో అందరూ వినేలా అన్నాడు. అలా అని, ఇంటికెళ్లి తన పాత వ్యాను తీసుకుని కుర్రాళ్లు అద్దెకుండే ఇంటికి పోయాడు. టిబ్స్ ఎవరో అరువిచ్చిన చిన్న కారులో మంచం పరుపు ఎక్కించడానికి అవస్థ పడుతున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని వ్యాన్‌లోకి మార్చారు. నూట యాభై మైళ్లు తనే తీసుకెళ్లి దింపి వస్తానన్నాడు ఆర్విల్, ఎటూ తనకు వేరే పనేం లేదన్నాడు.

తాళ్లు బిగిస్తుంటే టిబ్స్ అడిగాడు. "సర్, మీరు నిజంగానే ఆరో స్థానం వస్తుందనుకున్నారా?"

"లేదు."

"మీరు మూడు గెలుస్తామన్నారని కోచ్ చెప్పారు. సీజనంతా ఆ మాట ఆయన డ్రెస్సింగ్ రూమ్‌లో బోర్డు మీద రాసి పెట్టారు. మూడు, డీట్స్ అని."

ఆర్విల్ తాడు వదిలేసి అతనివైపు చూశాడు. ఊళ్లో తన పరువంతా తాకట్టు పెట్టి కాపాడిన రహస్యం, మొదటి రోజునుంచీ ఆ పదమూడుమంది కళ్ల ముందే ఉందన్నమాట. కోచ్‌ని తిట్టబోయి, తాడు మళ్లీ అందుకుని ముడి బిగించాడు.

"అక్కడ ఫ్రీ త్రోలు కాస్త నేర్చుకో," అన్నాడు చివరికి, వ్యాను తలుపు వేస్తూ. "వాళ్ల జనం మాలాంటి మంచివాళ్లు కాదు."

టిబ్స్ నవ్వి ముందు సీటులో సగానికి మడుచుకుని కూర్చున్నాడు. దారంతా వాళ్లు గ్రాంట్‌వేల్‌కి వచ్చే ఏడు ఏ స్థానం వస్తుందో మాట్లాడుకుంటూ వెళ్లారు.