గురమ్మ చేతి తెలుపు

తాతలు విశాఖ రేవులో ఓడెక్కి ఈ దీవులకు చేరిన కాలం కథగా మారి, సునామీ నాటి భయం కూడా పిల్లలకు ముచ్చటగా మిగిలిన ఈ రోజుల్లో, జంగ్లీఘాట్ చేపల రేవు పక్క సందులో వేకువనే పొయ్యి రాజేసి ఇడ్లీలూ బజ్జీలూ అమ్ముకుంటూ ఎవరి ముందూ తల వంచని గురమ్మ, కాగిన నూనె ఒలికి కాలిన తన కుడిచేతిని కొంగుచాటున దాచుకోవడం నేర్చుకొన్నది.

గాయం మానింది గాని వర్ణం తిరిగి రాలేదు. మణికట్టు నుంచి వేళ్ల మొదళ్ల దాకా చర్మం సున్నం పూసినట్టు తెల్లబడింది. దేహం వస్త్రం వంటిదని హరికథల్లో ఎన్నిసార్లు విన్నదో! ఆ వస్త్రానికి మరక పడిన నాడు వేదాంతం ఒక్క ముక్కా అక్కరకు రాలేదు.

"దీదీ, ఇది అంటుకుంటాదేటి?" అని ఆటో జోగులు ప్లేటు అందుకోకుండా అడిగిన నాటి నుంచి ఆమెకు ఒకటే జపం: "నాది బొల్లి కాదు బాబూ, నూనె పడి కాలింది."

చర్మవైద్యుని దగ్గరికి వెళ్లిన రోజున కూడా, బల్ల మీద కూర్చున్న వారంతా తన చేతినే చూస్తున్నారనిపించి, గట్టిగా అదే జపం చదివింది. "నాది బొల్లి కాదండీ! మాది అలాంటి ఒళ్లు కాదు." పక్కనే ఉన్న అమ్మాయి మెల్లగా చున్నీ నోటికి అడ్డం పెట్టుకొన్నది. ఆమె పెదవుల చుట్టూ తెల్లమచ్చలు. మిడిల్ పాయింట్ బజారులో బట్టల దుకాణంలో పనిచేసే లహరి.

మచ్చ స్థిరపడింది గనుక తొడ నుంచి పలుచని చర్మపు పొర తీసి చేతికి అతికిస్తాననీ, రంగు మెల్లగా వస్తుందనీ, పూర్తిగా కలవకపోవచ్చుననీ డాక్టరు చెప్పాడు. గురమ్మ సంతోషంగా బయటికి వచ్చింది.

తోడు వచ్చిన ఆమె భర్త, ఫెర్రీ మీద పనిచేసే మల్లేశు మాత్రం నవ్వలేదు. "మైకొక్కటే తక్కువైంది నీకు. ఆ పిల్ల మొకం చూసావేటి?"

చూసింది. చూసినందుకే దారి పొడుగునా తలెత్తలేదు. నూనె తన చేతిని కాల్చింది. తాను ఎవరిని కాల్చింది?

చికిత్స జరిగింది. కట్టు విప్పిన కొన్ని నెలలకు తెలుపు మీద గోధుమరంగు పొడలు పొడలుగా తేలసాగింది. ఒక ఉదయం లహరి ఇడ్లీ కోసం వచ్చి, ఎవరి కొట్టో గుర్తించి గుమ్మంలోనే ఆగిపోయింది. అప్పుడే జోగులు, "దీదీ, రంగొస్తన్నాదే! అయితే నిజంగానే బొల్లి కాదన్నమాట!" అన్నాడు.

అంతకాలం ఆమె కోరుకొన్న మాట అదే. లహరి చేయి చున్నీ మీదికి పోయింది.

"అయితే మాత్రమేటిరా? బొల్లయితే అంటుకుంటాదా? తింటే తిను, లేదంటే నీ బండెక్కు!" అన్నది గురమ్మ.

జోగులు ప్లేటు అందుకొని తిన్నాడు. గురమ్మ కొంగు తీసిన కుడిచేతితోనే లహరి ముందు ప్లేటు పెట్టింది. "అమ్మా, ఆ రోజు..." అని, సిగ్గుతో మాట తుంచి చట్నీ గరిటె అందుకొన్నది.

"చట్నీ ఇంకొంచెం వెయ్యండి, ఆంటీ," అన్నది లహరి, చున్నీ దించుకొని.

ఆ చేతికి వర్ణం నిండుగా వచ్చినా రాకపోయినా, గురమ్మ ఇంటి పొయ్యి ఆరకుండుగాక! మల్లేశు ఎక్కిన పడవకు సముద్రుడు శాంతుడై దారి ఇచ్చుగాక! ఆ చేతి ముద్ద తిన్నవారూ పెట్టినవారూ చల్లగా ఉందురుగాక!