నాంచారమ్మ చెప్పిన ఎండు ఐసు

రెండువేల ఒకటి, మే నెల. దివిసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను ఏ.ఎన్.ఎం.గా పనిచేస్తున్నాను. అంటే ఊరూరా తిరిగి గర్భిణులనీ పసిపిల్లలనీ చూసుకునే నర్సునన్నమాట. మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదండీ అని ఎవరైనా అడిగితే, ఏ కష్టమైన కాన్పో పాముకాటో చెబుతానని చెవులు రిక్కిస్తారు. నాకు మాత్రం ముందు ఐసు గుర్తొస్తుంది.

అప్పటికి పదకొండేళ్ల అనుభవం. ఒక్క వయల్ పాడుచేయలేదని నాకు కాస్త పొగరుండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది. వయల్ అంటే టీకా మందు ఉండే చిన్న సీసా.

బుధవారం టీకాల రోజు. నాకున్న ఊళ్లన్నిట్లోకీ దూరం పాయ అవతలి పల్లెపాలెం. బస్సు దిగి, ఉప్పునేల మీద మైలున్నర నడిచి, పడవ ఎక్కాలి. భుజాన నీలం రంగు వ్యాక్సిన్ క్యారియర్. మందంపాటి గోడలున్న పెట్టె అది. లోపల నాలుగు వైపులా నాలుగు ఐస్ ప్యాకులు, అంటే నీళ్లు పోసి గడ్డకట్టించిన బల్లపరుపు ప్లాస్టిక్ సీసాలు. మధ్యలో మందు. ఆ పెట్టె నా భుజం మీద చేసిన కాయ ఈ రోజుకీ అలాగే ఉంది. దాన్ని తడుముకుంటే ఆ రేవూ, ఎండుచేపల వాసనా, పడవలో ఎవరో ఒకరు ఒలిచి చేతిలో పెట్టే తాటిముంజలూ అన్నీ గుర్తొస్తాయి. ఎంత తిరిగామండీ ఆ రోజుల్లో!

ముందు నెల నేను తిరిగొచ్చేసరికి ఐసు సగం కరిగిపోయింది. ఫార్మసిస్టు గారు పెట్టె మూత తీసి, "ఇలాగైతే మందు బతికినట్టే సిస్టరుగారూ" అన్నారు, అదీ అందరి ముందూ. ఒళ్లు మండిపోయింది. ఐస్ ప్యాకుల్ని డీప్ ఫ్రీజర్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచాలనీ, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడ్డాకే క్యారియర్లో పెట్టాలనీ గోడకు కాగితం అంటించి ఉండేది. ఆ కాగితం రాసినాయన మా మే నెల ఎండ చూసి ఉండడు అనుకున్నాను. ఈసారి రాయిలా ఉన్న ప్యాకుల్ని తీసినవి తీసినట్టే పెట్టేశాను. వాటిని ఆనించి డి.పి.టి. సీసాలు సర్దాను. ఇక చూడండి, నా ఐసు ఎలా కరుగుతుందో!

పల్లెపాలెంలో వలలు బాగుచేసుకునే పాకలో కూర్చునేవాళ్లం. తల్లుల్ని ఇల్లిల్లూ తిరిగి తోలుకొచ్చేది నాంచారమ్మ. రొయ్యలు కొని ఐసులో వేసి బందరు పంపే మనిషి. చాలా ఏళ్ల కిందట ఆవిడ రెండేళ్ల కూతురు కోరింత దగ్గుతో పోయింది. డి.పి.టి. మందు అడ్డుకునే మూడు జబ్బుల్లో అదొకటి. అందుకే ఏ తల్లైనా బద్ధకిస్తే ఊరుకునేది కాదు. ఆ రోజు మనవణ్ణి కూడా తెచ్చుకుంది.

నేను మందు తీస్తుంటే ఐస్ ప్యాకు కాస్త పక్కకి జరుపుదామని తడిచేత్తో పట్టుకుంది. వేళ్లు అతుక్కుపోయాయి. లాక్కుని, చెయ్యి విదిలించి, నా వైపు చూసింది.

"ఇది ఎండైసు గదా నర్సమ్మా! మేం దీన్ని రొయ్య మీద ఎయ్యం. ముందు నీళ్లు జల్లి, తడైసు అయినాకే ఏస్తాం. లేపోతే తోలు ఊడొచ్చిద్ది."

"రొయ్యలకీ మందుకీ తేడా లేదంటావా నాంచారమ్మా?" అన్నాను. పాకంతా నవ్వింది. ఆవిడా నవ్వింది.

తీసిన మొదటి సీసాలో మందు గడ్డకట్టి ఉంది. అరచేతుల మధ్య పెట్టి రుద్దాను, కరిగింది. రెండోదీ అంతే. గడ్డ కట్టిన నీళ్లు కరిగితే మళ్లీ నీళ్లే కదా, దీనికేమైంది అనుకున్నాను. పదకొండుమంది పిల్లలకి వేసి, గర్వంగా తిరిగొచ్చాను. ఐసు ఇసుమంత కూడా కరగలేదు మరి.

సాయంత్రం మిగిలిన సీసాలు అప్పజెబుతుంటే మా డాక్టరు గారి కంట పడ్డాయి. కుర్రాయన, నెమ్మదస్తుడు. నేను తెచ్చిన సీసా ఒకటీ, ఎప్పుడూ గడ్డకట్టని సీసా ఒకటీ తీసుకుని, రెండూ బాగా ఊపి బల్ల మీద పెట్టారు. దాన్ని షేక్ టెస్ట్ అంటారు. అరగంట చూశాం. మంచి సీసా పల్చటి మజ్జిగలా తెల్లగా మబ్బుగానే ఉంది. నాదాంట్లో పైన తేట నీళ్లు, అడుగున తెల్లటి పలుకులు.

"కరిగిపోయింది కదా సార్?" అన్నాను.

"విరిగిన పాలు మళ్లీ కాస్తే పాలవుతాయా సిస్టర్? ఇదీ అంతే. గడ్డకట్టినప్పుడే మందు విరిగిపోయింది. పిల్లలకి ప్రమాదమేమీ లేదు గానీ, దీన్ని నమ్ముకోలేం."

"మరి ఐసులోనే పెట్టాను గదండీ!"

"ఐసంతా ఒకటి కాదు. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసింది మైనస్ ఇరవై డిగ్రీలుంటుంది. కరగడం మొదలుపెట్టిన ఐసు సున్నా. ఇక చివరి ముక్క కరిగేదాకా ఆ సున్నా దగ్గరే నిలబడుతుంది, ఎంత ఎండ తగిలినా సరే. ఆ ఎండంతా కరగడానికే ఖర్చయిపోతుంది. మనకి కావలసింది ఆ కరిగే ఐసే."

ఇదంతా నేను పదో తరగతిలో చదివిందే. మార్కులు తెచ్చుకుని మర్చిపోయాను. నాంచారమ్మ బడి గుమ్మం తొక్కలేదు, తన వేళ్లతో తెలుసుకుంది. ఆవిడ చెప్తే నేను పదిమందిలో నవ్వులపాలు చేశాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరు గారు మళ్లీ వేయాలన్నారు. ఫార్మసిస్టు గారు మాత్రం నన్ను పక్కకి పిలిచి, "ఎందుకొచ్చిన గొడవ, గవర్నమెంటు ఇంకో డోసు ఇమ్మందని చెప్పెయ్యండి. వాళ్లకేం తెలుస్తుంది?" అన్నారు. మనిషి మంచివాడే, నన్ను కాపాడదామనే అన్నారు. వారం రోజులూ ఆ అబద్ధాన్నే నెమరేసుకున్నాను. మరుసటి బుధవారం పడవలో కూడా పెదాలు కదుపుతూ వల్లించుకున్నాను.

పాకలోకి వెళ్లి నోరు తెరిచాను. "ఈసారి గవర్నమెంటు..." అన్నాను. నాంచారమ్మ మనవణ్ణి చంకనేసుకుని ఎదురుగా నిలబడి ఉంది. భుజాన ఉన్న పెట్టె దించి కింద పెట్టాను.

"పోయిన వారం వేసిన మందు పనికిరాదమ్మా. నా తప్పే. ఐసు మరీ చల్లగా ఉండి మందు విరిగిపోయింది. నాంచారమ్మ చెప్పింది, నేను వినలేదు. మళ్లీ వెయ్యాలి."

ఒక్కసారిగా గోల. "రెండు రాత్రుళ్లు జొరంతో ఏడ్సింది నా పిల్ల! మళ్లీ పొడుస్తావా?" అంటూ లక్ష్మి అనే పందొమ్మిదేళ్ల పిల్ల కూతుర్ని ఎత్తుకుని లేచింది. "మా పిల్లకాయలంటే ఆటగా ఉందా నీకు?" అని వెళ్లిపోయింది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచుకునే ఓపిక కూడా లేదు.

నాంచారమ్మ నెమ్మదిగా వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది. "నా కూతురు పోయినప్పుడు ఎందుకు పోయిందో నాకెవురూ సెప్పలా. అడిగితే కసిరారు. నువ్వు అడక్కుండానే సెప్పావు. ఇదిగో, ముందు ఈడికెయ్యి" అని మనవడి తొడ బయటపెట్టింది. లేచిన ఇద్దరూ వెనక్కొచ్చారు. ఆ పూట పదిమందికి వేశాను. లక్ష్మి కూతురు ఒక్కత్తే మిగిలింది.

తర్వాతి బుధవారం ఆమె ఇంటికి వెళ్లాను, తలుపేసుకుంది. ఆపై బుధవారం తలుపు వెయ్యలేదు, మాట్లాడలేదు. మూడో వారానికి పక్క పాలెంలో ఎవరో పిల్లాడికి కోరింత దగ్గు పట్టుకుందని తెలిసింది. ఆ రోజు మిగతా ఊళ్లన్నీ వదిలేసి మొదటి పడవకే వెళ్లాను. లక్ష్మి చేపలు ఆరబెడుతోంది. నేనేమీ బతిమాలలేదు. సీసా తీసి ఆమె చేతికిచ్చాను.

"నువ్వే ఊపి గడప మీద పెట్టు. అరగంట చూద్దాం. పైన నీళ్లు తేటపడితే నేను ఇటునుంచి ఇటే పోతాను."

ఇద్దరం ఆ గడప దగ్గరే కూర్చున్నాం. పిల్ల పేరడిగాను. ఏ తిథిన పుట్టిందో చెప్పింది, కాన్పు ఎంత కష్టమైందో చెప్పింది, మొగుడు వేట నుంచి రాలేదని బెంగపడ్డ రోజుల సంగతి చెప్పింది. పాపకి చెవులు కుట్టించాలట. మేము మాటల్లో పడి సీసా సంగతే మర్చిపోయాం. చివరికి ఆమే వంగి చూసింది.

"మబ్బుగానే ఉంది. ఎయ్యమ్మా" అంది. పాప తొడ మీద చెయ్యి పెట్టి తను మొహం అటు తిప్పుకుంది. వేశాను. పాపకంటే ముందు లక్ష్మే ఏడ్చింది.

తర్వాత ఇరవై ఏళ్లలో ఎంతోమంది కొత్త ఏ.ఎన్.ఎం.లకి పని నేర్పాను. ఐసు సంగతి రెండు నిమిషాల్లో చెప్పేస్తాను, బుద్ధిగా రాసుకుంటారు. రెండో సంగతి చెప్పినప్పుడే వాళ్లు తల వంచుకుంటారు. తప్పు చేసిన ఊరికి మళ్లీ వెళ్లాలమ్మా, అదీ వచ్చే బుధవారమే వెళ్లాలి. ఆలస్యం చేస్తే ఇక కాళ్లు రావు.