నూకరత్నం చదవనన్న చివరి ఫారం

2023, వానాకాలం చివరి రోజులు. మల్కాపురం మార్కెట్టు వెనక సందులో నా అద్దె పుస్తకాల కొట్టు. తుఫాను గాలికి ఎదురెళ్ళి, మోకాలి లోతు నీళ్ళలో, ఒక దెయ్యాల నవల ముగింపును నెత్తిన పెట్టుకుని జాలరిపేట దాకా నడిచిన వ్యాపారి విశాఖపట్నం మొత్తంలో నేనొక్కణ్ణే.

ముగింపును విడిగా ఎలా మోశానంటారా? అది మా కొట్టు పద్ధతి. అచ్చాఫీసులో పదహారు పేజీల మడతను ఫారం అంటారు. అలాంటి ఫారాలు కలిపి కుడితే నవల. సస్పెన్సు, హారర్ నవలలు అద్దెకిస్తే ఓ పట్టాన తిరిగి రావు. ఇంట్లోవాళ్ళు చదివాక పక్కింటికి, అక్కణ్ణుంచి ఎదురింటికి పోతాయి. అందుకని చివరి ఫారం కోసి నా సొరుగులో దాచేవాణ్ణి. పుస్తకం తిరిగిచ్చి, కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ముగింపు చదువుకుని వెళ్ళాలి. హంతకుడెవరో తెలిసే క్షణంలో పక్కనున్న రిఫైనరీ ఫిట్టర్ల మొహాలు ఎలా మారతాయో చూడటం నాకో వినోదం. తిట్టేవాళ్ళు తిడుతూనే మళ్ళీ వచ్చేవారు.

నూకరత్నం జాలరిపేట నుంచి చేపల గంపతో మా మార్కెట్టుకి వచ్చేది. గంప ఖాళీ అయ్యాక ఒక దెయ్యాల నవల పట్టుకెళ్ళేది. వాళ్ళాయన అప్పలరాజు ఫైబర్ పడవ మీద వేటకెళతాడు. ఒడ్డున అతను వల బాగుచేసుకుంటుంటే ఈవిడ పైకి చదివి వినిపించేది. నడిసముద్రంలో బెదరని మనిషి, గజ్జెల చప్పుడు అన్న మాట రాగానే వల వదిలేసి ఆవిడ పక్కకి జరిగేవాడట. ముగింపుకి మాత్రం అతన్నీ మా బల్ల దగ్గరికి వెంటబెట్టుకొచ్చేది.

“ఎదురుగా సముద్రం పెట్టుకుని నీకీ దెయ్యాల గోలేటే?” అని ఓసారి అడిగాను.

“సముద్రం భయం ఎప్పుడొగ్గుతాదో తెల్దు బాబాయ్. ఈ భయమైతే అట్ట మూసీగానే పోద్ది. మా మావ భయపడతంటే సూడ్డం ఇంకా సరదా,” అని నవ్వింది.

ఆ వారం ఆవిడ పట్టుకెళ్ళింది పాడుబడ్డ బంగళా కథ. తుఫాను హెచ్చరిక వచ్చేసరికే అప్పలరాజు పడవ సముద్రం మీద ఉంది. మిగతా పడవలన్నీ తిరిగొచ్చాయి. మర్నాడు మార్కెట్టులో తోటి చేపలావిడ చెప్పింది. “రత్నం రాదు తాతా. ఆళ్ళ పడవ జాడ లేదు. నిన్నట్నుంచి ఒడ్డునే కూకుంది.”

నాకు తోచిన సాయం ఒక్కటే. సొరుగులోంచి ఫారం తీసి, పాలిథీన్ కవరులో చుట్టి బయల్దేరాను. నడిచానని రాశాను గదా, అది కొంచెం సాగదీశాను. ఆటోలో వెళ్ళాను. తుఫాను అప్పటికే తీరం దాటి తుంపర పడుతోంది. నీళ్ళు చెప్పులు తడిసేంత. నెత్తిన పెట్టుకున్నది గొడుగు.

నూకరత్నం బోర్లించిన పడవను ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో నవల, పక్కన ఖాళీ గంప. కళ్ళు నీళ్ళ మీద.

“సివర తెచ్చాను. సదువుకోయే, కాసేపు మనసు మళ్ళుతాది.”

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. “ఏటి బాబాయ్, మతుండే మాటాడతన్నావా? మావకి బంగళా తలుపు కాడ దాకా సదివినాను. మిగిలింది ఇద్దరం సదవాల. నానొక్కద్దాన్నీ సదివీసినానంటే, మావింక రాడని ఒప్పీసుకున్నట్టు గాదా?”

అక్కడితో ఊరుకోవచ్చు గదా, ఊరుకోను. “పోనీ నాను సెప్తాను. ఆ తలుపెనకాల...”

“సెప్పీకు!” అని చెవులు మూసుకుంది. “సెప్పినావంటే ఈ గంపెట్టి కొడతాను.”

కవరు మాత్రం లాక్కుని, విప్పకుండా రొంటిన దోపుకుంది. నేనూ ఆ తడి ఇసుకలో కూలబడ్డాను. ఇన్నేళ్ళుగా ప్రతి కథకీ ముగింపు ముందే తెలిసినవాణ్ణి. ఆ పూట నాకేమీ తెలియదు.

మర్నాడు పొద్దున నూకరత్నానికి ఫోను వచ్చింది. ఇంజను చెడి పడవ పూడిమడక వైపు కొట్టుకుపోయిందట. మనుషులంతా క్షేమం.

అప్పటినుంచి ఫారాలు కోయడం మానేశాను. సొరుగులో ఉన్నవన్నీ ఏ పుస్తకానికి ఆ పుస్తకం వెతికి మళ్ళీ కుట్టేశాను. చివరి పేజీలు ఎప్పుడు, ఎవరి పక్కన కూర్చుని చదువుకోవాలో చదివేవాళ్ళ ఇష్టం. అక్కడ కొట్టువాడి పెత్తనం చెల్లదని ఆ ఒడ్డున నేర్చుకున్నాను.

ఇంతవరకు రాసి, మొన్న కొట్టుకొచ్చిన నూకరత్నానికి చదివి వినిపించాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

“రాయడం బాగానే రాసినావు. గానీ నువ్వు తెచ్చింది ఏరే పుస్తకం సివర బాబాయ్. మావొచ్చి, అన్నం తిని, నా పక్కన కూకున్నాక ఇప్పి సదివితే, ఇనస్పెక్టరొచ్చి బేంకు మేనేజరుకి బేడీలేత్తన్నాడు. దెయ్యమేటైందని మావ నీ కొట్టు కాడకొచ్చి నానా తిట్లూ తిట్టినాడు. నువ్వు కొయ్యడం మానీసింది ఆ తిట్లకి. ఒడ్డున నేర్సుకున్నానని రాసీసినావేటి?”