పుండుకు ఎన్ని రంగులు

షాపులో పనిచేసేవాళ్ళంతా ఆమెను శవాలక్క అనేవాళ్ళు. తమ్ముడు పెట్టిన పేరే అది. చిన్న చిన్న బొమ్మలు అమ్మే షాపు వాడిది. వెనక గదిలో కిటికీ పక్కన, భూతద్దం బిగించిన బల్ల ముందు ఆమె కూర్చునేది. బొటనవేలంత బొమ్మలకు రంగులు వేయడం పని. సైనికుల్నీ గుర్రాల్నీ మిగతావాళ్ళు పంచుకునేవాళ్ళు. సమాధుల్లోంచి లేచొచ్చిన శవాల బొమ్మలు వస్తే మాత్రం తలా ఒక సాకు చెప్పి ఆమె బల్ల మీదికి తోసేవాళ్ళు. ఆమె కాదనేది కాదు. అందరిలాగే వాటికి ఇంత ఆకుపచ్చ పూసి పంపేది. కొనేవాళ్ళకు ఆమె మొహమే తెలియదు.

పెళ్ళైన పదహారో ఏట భర్తకు షుగర్ ముదిరి కాలి మీద పుండు లేచింది. ముందు వేలు పోయింది, తర్వాత పాదం నల్లబడింది. ఎనిమిది నెలలు రోజూ పొద్దున్నే కట్టు విప్పి, కడిగి, మళ్ళీ కట్టింది ఆమే. ఆ వాసనకు ఇంకెవరూ గదిలోకి వచ్చేవాళ్ళు కాదు. తమ్ముడు గుమ్మం బయటే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "బావా, నేనొచ్చానూ!" అని కేకేసి, జవాబు వినకుండానే వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు కట్టు విప్పి ఆమె అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటంతసేపు చూస్తున్నావు?" అన్నాడు భర్త.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కట్టుకున్నవాడి కాలు కుళ్ళిపోతుంటే తను రంగులు లెక్కపెడుతోంది! అయినా అబద్ధం చెప్పలేకపోయింది. "అంచున పసుపు ఉంది. చుట్టూ వంకాయ రంగు. మేమేమో శవాల బొమ్మలకి ఇంత ఆకుపచ్చ పూసి పారేస్తున్నాం."

ఆయన చాన్నాళ్ళకి నవ్వాడు. "ఆకుపచ్చేంటి, నేనేమన్నా పచ్చిమిరపకాయనా? సరిగ్గా చూసి వెయ్యి. నాకెటూ పనికిరాని కాలు, నీకన్నా పనికొస్తుంది."

మూణ్ణెల్లకు ఆయన పోయాడు.

ఏడాది పాటు ఆమె శవం బొమ్మ జోలికే పోలేదు. తర్వాత ఒక్క బొమ్మ మీద నాలుగు నెలలు కూర్చుంది. చచ్చి లేచిన కాపలావాడు, చేతిలో లాంతరు, ఒక కాలు కుళ్ళిపోయి ఉంటుంది. ముందు ఒళ్ళంతా నలుపు వేసింది. లాంతరు పట్టుకున్న వేళ్ళకు తెలుపు కలిసిన పసుపు, మోచేతికి నారింజ, భుజం దగ్గర ఇటుక రంగు. మిగతా ఒళ్ళు నలుపుగానే వదిలేసింది. "దీపం వెలగాలంటే చీకటిని ముట్టుకోకూడదురా" అని తమ్ముడికి చెప్పింది. లాంతరు వెలుగు పడే పాదానికి మాత్రం పాలిపోయిన చర్మం రంగు వేసి, దాని మీద నీళ్ళలా పలచన చేసిన వంకాయ రంగు ఆరనిచ్చి ఆరనిచ్చి పదకొండు పొరలు పూసింది. పుండు లోతున గోధుమ కలిసిన నలుపు. చివరికి సన్నకుంచెతో ఒక్క చుక్క వార్నిష్. వేలు పెడితే తడి అంటుకుంటుందేమో అన్నట్టుండేది.

తమ్ముడు పక్కనే స్టూలు వేసుకుని అన్నీ గుచ్చి గుచ్చి అడిగాడు. పని నేర్చుకుంటున్నాడని ఆమె మురిసిపోయి, పచ్చిమిరపకాయ మాటతో సహా చెప్పింది. ఆ మాట ఇంకెవరికీ చెప్పలేదు.

బొమ్మలకు రంగులు వేసేవాళ్ళ పోటీకి దాన్ని వాడే తీసుకెళ్ళాడు. మొదటి బహుమతి వచ్చిందనీ, సాయంత్రం రమ్మనీ ఫోన్ చేశాడు. ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వెళ్ళింది. అద్దాల పెట్టెలో బొమ్మ ఉంది. కింద అట్ట మీద వాడి పేరుంది. షాపులో కౌంటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఆమెను చూసి తల దించుకుంది.

"ఈ కాలు ఇంత నిజంగా ఎలా వచ్చిందండీ?" అని వేదిక మీద బహుమతి ఇచ్చే పెద్దమనిషి అడిగాడు.

ఇక్కడన్నా నీళ్ళు నములుతాడనుకుంది. వాడు గొంతు బొంగురు చేసుకున్నాడు. "ఇది మా బావ కాలండీ. ఎనిమిది నెలలు ఈ చేతుల్తోనే కట్టు కట్టాను. ఒకరోజు ఆయనే అన్నాడు, నేనేమన్నా పచ్చిమిరపకాయనా అని." జనం నవ్వారు. ఆ వెంటనే కొందరు కళ్ళు తుడుచుకున్నారు.

బయటికొచ్చాక వాడే ముందు మొదలుపెట్టాడు. "పేరుదేముందక్కా? నువ్వూ నేనూ వేరా?"

"పేరు పెట్టుకో. బహుమతీ ఉంచుకో. ఆ కట్టు నువ్వెప్పుడు కట్టావురా?"

వాడు జేబులో తాళాలు తడుముకున్నాడు. "ఏదో మాటవరసకి అన్నాను. దానికింత రాద్ధాంతమా?"

మర్నాడు కుంచెలు తువ్వాల్లో చుట్టుకుని వచ్చేసింది. కట్టబోయే భవనాలకు నమూనాలు చేసే చోట పని దొరికింది. బియ్యపు గింజంత మనుషులకు రంగు వేసి, అట్ట వీధుల్లో నిలబెట్టాలి. మొదటిరోజు ఒకడికి కళ్ళూ ముక్కూ దిద్దితే పైఅధికారి చూసి, "మొహాలొద్దమ్మా. కొనేవాళ్ళు బిల్డింగుని చూడాలి" అంది. అప్పట్నించీ అందరికీ ఒకటే బూడిద రంగు.

ఆర్నెల్ల తర్వాత తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, అలాంటివే ఆరు కావాలంటున్నారు. వంకాయ రంగు బురదలా పేరుకుపోతోంది. ఎన్ని నీళ్ళు కలిపేదానివి?"

ఫోన్ పెట్టేద్దామనుకుంది. బురద పూసిన ఆ కాలు కళ్ళ ముందు మెదిలింది. అది ఆయన కాలంటూ వీడు ఊరంతా చూపిస్తాడు.

"రంగు ఒక వంతు, నీళ్ళు ఆరు వంతులు," అంది. "పూర్తిగా ఆరాకే రెండో పొర."

వాడు సరేనని పెట్టేశాడు.

"ఎవరు?" అంది పక్క బల్ల ఆవిడ.

"మా తమ్ముడు. వాడికింకా చెయ్యి తిరగలేదు" అని, ఇంకో బూడిద మనిషిని పట్టకారుతో అందుకుంది.