జడ్జిగారి గొంతు

మా వదిన పని గొంతు అరువివ్వడం. పరాయి భాష సీరియళ్లలో ఆడవాళ్లు పెదాలు కదిపితే, మన భాషలో వినబడే మాట మా వదినది. అద్దాల గదిలో మైకు ముందు నిలబడి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, తెరమీది మనిషి ఎక్కడ ఊపిరి పీలిస్తే తనూ అక్కడే పీలుస్తుంది. ఏడుపు, నవ్వు, దగ్గు, ముద్ద నములుతూ మాట్లాడడం, అన్నీ చేస్తుంది. ఇంటికొచ్చాక మాత్రం మహా పొదుపు. ఇంటికి మిగిలేది "ఊఁ" ఒక్కటేనని మా అన్నయ్య ఏడిపిస్తుంటాడు.

ఆవిడ చేసినవాటిలో పెద్దది ఒక మహిళా జడ్జి కథ. మూడు సీజన్ల పాటు ఆ జడ్జిగారి గొంతు వదినే. ఈ సంగతి నాకూ అన్నయ్యకూ తప్ప వీధిలో ఎవరికీ తెలియదు. "తెలిస్తే ఇక వాళ్లకు జడ్జి కనబడదు, నేను కనబడతాను, అదీ ఉల్లిపాయలు తరుగుతూ" అంటుంది. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు కానీ, ఈ ఒక్క గింజను మాత్రం ఇన్నాళ్లు నానబెట్టాను.

నాలుగో సీజన్ రికార్డింగ్ మొదలయ్యే వేళకు వదిన గొంతులో బుడిపెలు లేచాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు కొన్నాళ్లు నోరు తెరవొద్దన్నాడు. స్టూడియోవాళ్లు ఆగలేదు. వాళ్లను తిట్టడానికి నాకు నోరేమీ తక్కువ కాదు, కానీ విడుదల తేదీ ఎవరి గొంతు కోసమూ ఆగదు కదా. కొత్తమ్మాయిని పెట్టుకున్నారు. డబ్బింగ్ వ్యవహారం చూసే పెద్దాయన మంచివాడు కాబట్టి ఇంటికొచ్చి మరీ చెప్పాడు.

"చూద్దామమ్మా. పాత గొంతే కావాలని చూసేవాళ్లు అడిగితే ఐదో సీజన్ మీకే ఇప్పిస్తాను. ఎవరూ అడక్కపోతే మాత్రం మార్చమని పైవాళ్లతో నేను అనలేను."

వదిన తలూపి ఊరుకుంది. మాట్లాడకూడదు కాబట్టి సరిపోయింది కానీ, మాట్లాడగలిగిన రోజుల్లోనైనా అంతకంటే ఏమీ అనేది కాదు. ఆ గొంతు పోతే ఆవిడకు ఏం మిగులుతుందో నాకు తెలుసు. ఆవిడ మాత్రం నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

నాకు మా ఇంటి కిందే బట్టలు కుట్టే కొట్టుంది. రెండు మిషన్లు, కత్తిరింపుల బల్ల, గోడకు ఒక టీవీ. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికో జిప్పు వేయించుకోవడానికో వచ్చినవాళ్లు పని అయినా లేవరు. సీరియళ్ల మీద తీర్పులన్నీ ఇక్కడే వెలువడతాయి. నాలుగో సీజన్ టీవీలో మొదలయ్యేసరికి వదిన మౌనం కూడా ముగిసింది. రోజూ మధ్యాహ్నం వచ్చి, టీవీకి వీపు పెట్టి కూర్చుని, అంచులు కుట్టిపెట్టేది. పని నాకు సాయమే. కానీ ఆవిడ వచ్చేది వినడానికి. కొత్త సీజన్ తను ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు.

"మొదటి సీజన్‌కి సాటి లేదండీ" అనేది బ్యాంకులో పనిచేసే ఆవిడ. "అప్పుడు కథ ఉంది కాబట్టి తీశారు. ఇప్పుడు తీస్తున్నాం కాబట్టి కథ కావాలని వెతుక్కుంటున్నారు."

"మీకు ఏదైనా మొదటిదే బాగుంటుంది లెండి" అనేది ఇంకొకావిడ, నర్సు. "మూడో సీజన్‌లో ఆ వరద కేసు సంగతేంటి? డ్యూటీ నుంచి వచ్చి బ్యాగు భుజాన ఉండగానే చూశాను."

"అది సాగదీశారు. నాలుగు ఎపిసోడ్ల సరుకు, పది చేశారు."

"సాగదీయడం వేరు, నిదానం వేరు. ఇప్పుడు నాలుగోది చూడండి, కంగారు. పైగా జడ్జి ఇల్లు కూడా మార్చేశారు. వంటగది కిటికీ పాత ఇంట్లో ఎడంపక్కన ఉండేది."

కిటికీ పక్క మారితే పట్టేశారు. మనిషి గొంతే మారితే ఒక్కరూ ఆ మాట ఎత్తరు. నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక నేనే కదిపాను.

"ఆ జడ్జి గొంతు మారినట్టు లేదూ?"

"గొంతా? జలుబు చేసిందేమో" అంది నర్సు.

"వయసు మీద పడుతోంది కదండీ ఆవిడకి" అంది బ్యాంకావిడ.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వదిన తలెత్తలేదు. వాళ్లు వెళ్లాక బొంగురుగా అంది, "సాక్షికి నువ్వే మాటలందిస్తే ఆ సాక్ష్యం చెల్లదమ్మాయ్." మూడు సీజన్లు జడ్జిగా మాట్లాడిన మనిషి కదా మరి.

నర్సుకు వరసగా డ్యూటీలు పడి ఆరో ఎపిసోడ్ తప్పిపోయింది. కొట్లోనే పెట్టమంది. బ్యాంకావిడ రెండోసారి చూస్తానని కుర్చీ లాక్కుంది. మా వీధి చివర ఉండే రిటైరైన టీచరుగారు కోటు కోసం వచ్చి కూర్చున్నారు. ఆవిడ వాదనల్లోకి దిగరు, వింటారంతే. వదిన లేచి వెళ్లబోయింది. కానీ టీచరుగారి కోటు అంచు సగంలో ఉంది. "అది ఇప్పుడే కావాలమ్మా, సాయంత్రం వేసుకెళ్లాలి" అన్నారావిడ. వదిన మళ్లీ కూర్చుంది. ఈసారి టీవీ వైపు తిరిగి.

మొదట తప్పులే వెతికింది. పెదాలకూ మాటకూ పొంతన కుదరనిచోట నా వైపు చూసి కనుబొమ్మ ఎగరేసేది. నాకు మహా సంతోషంగా ఉంది. తర్వాత ఆ సీను వచ్చింది. జడ్జి సొంత కొడుకు కేసులో ఇరుక్కుంటాడు. ఆవిడ బెంచి దిగి, కారు నడుపుకుంటూ తల్లి ఇంటికి వెళ్తుంది. తల్లి బట్టలు మడతపెడుతుంటుంది. జడ్జి కాసేపు నిలబడి, తనూ ఒక తువ్వాలు తీసి మడత పెడుతూ, "నాకు చేతకాలేదమ్మా" అంటుంది.

కొత్తమ్మాయి ఆ మాటను చేతిసంచి కింద పెట్టినంత మామూలుగా అంది. ఏడవలేదు, వణకలేదు. నేను వదిన పక్షం కాబట్టి దాన్లో లోపం వెతికాను, దొరకలేదు. పక్కకు చూస్తే వదిన చేతిలో సూది ఆగిపోయి ఉంది. చెంపలు తడిసిపోయాయి, తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

ఎపిసోడ్ అయ్యాక బ్యాంకావిడ గొంతు సవరించుకుని, "సరే, ఈ ఒక్కటీ మొదటి సీజన్‌తో సమానం. ఒప్పుకుంటున్నాను" అంది.

"గొంతు మారింది కదూ" అన్నారు టీచరుగారు.

"నిజంగా మారిందా?" అంది నర్సు.

"మొదటి ఎపిసోడ్‌లోనే తెలిసింది."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినబడింది.

"ఏమని చెప్పను? బాగుంది. బాగున్నదాని మీద ఫిర్యాదేముంటుంది?"

కొట్లో జరిగిన ఏ చర్చలోనూ నోరు విప్పని వదిన అప్పుడు అడిగింది. "పాతావిడ బాగా చెప్పేది కాదాండీ?"

టీచరుగారు వదిన వైపు తిరిగారు. "చాలా బాగా చెప్పేది. ఆవిణ్ని నమ్ముకునే మూడు సీజన్లు చూశాను. కానీ ఆవిడ కష్టాన్ని మింగేసే మనిషమ్మా. ఎంత ఏడుపు సీనైనా లోపల ఒక తలుపు మూసే ఉంచేది. ఈ మాట ఆవిడ అనగలిగేది కాదేమో."

నాకు కత్తెర విసిరేద్దామన్నంత కోపం వచ్చింది. వదిన దారం కొరికి, కోటు దులిపి, ఆవిడ చేతికిచ్చింది. "అనగలిగేది కాదండీ" అంది.

ఆ వారంలోనే డబ్బింగ్ పెద్దాయన ఫోన్ చేశాడు. వదిన చేతులకు పిండి ఉందని స్పీకర్ నేనే నొక్కాను.

"పాత గొంతేదీ అని ఇక్కడ కొన్ని కామెంట్లు వచ్చాయమ్మా. మరీ ఎక్కువేం కాదు. అవి చూపించి మీ కోసం అడగమంటారా?"

నేను మెడ విరిగేలా తలాడిస్తున్నాను. వదిన నన్ను చూడను కూడా లేదు.

"వద్దండీ. ఆ అమ్మాయినే ఉంచండి. చిన్నవేవైనా ఉంటే నన్ను పిలవండి, అరుపులు లేనివి."

ఆయన ఫోన్ పెట్టేశాక నేను ఎగిరాను. "ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నుకున్నావు. నీకు ఈ త్యాగం ఎవరు నేర్పారు?"

"త్యాగం కాదే" అంది. "ఆ సీను నాకు వచ్చేది కాదు. నేనైతే పళ్లు బిగించి చెప్పేదాన్ని, ఎప్పట్లాగే."

చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను ఇంకా తిట్టడానికి మాటలు కూడదీసుకుంటున్నాను.

"మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు పాత డైలాగులు చెప్పి చూశాను" అంది. "కాస్త పైకి వెళ్తే గొంతు తెగిపోతోంది. ఇంక రాదేమోనని భయంగా ఉందే."

ఆవిడ మా ఇంటికొచ్చినప్పటి నుంచి, ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నప్పుడు కూడా, భయమన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. అంతా సర్దుకుంటుందిలే అనబోయి ఆగిపోయాను. నేను నోరు మూసుకోవడం అంత తేలికైన విషయం కాదు.

"అన్నయ్యకు తెలుసా?" అన్నాను చివరికి.

"లేదు. ఎవరికీ చెప్పలేదు."

అది చెబుతుండగానే గొంతు చీలిపోయింది. దాన్ని సరిచేసుకోకుండా, ఎలా వస్తే అలా, చాలాసేపు మాట్లాడింది. నేను పక్కన కూర్చుని విన్నాను.

అన్నయ్య పని నుంచి వచ్చేసరికి వదిన కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. లేచి లోపలికి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. "కూర్చోండి, మీతో ఒక మాట చెప్పాలి" అంది. ఆవిడ నోట అన్నయ్య ఎన్నడూ విని ఎరుగని మాట అది. కూర్చోవడం మరిచిపోయి, ఆవిడ మొహం చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.